గేమ్ రివ్యూల మీద యాడ్ డబ్బు ప్రభావం నిజంగా ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి

కోట జంక్షన్ (విజయనగరం):

అందరికీ నమస్కారం. విజయనగరంలో కోట దగ్గర మాకు చిన్న గేమింగ్ పార్లర్ ఉంది. టీవీకి తగిలించి ఆడే సోనీ ప్లేస్టేషన్ మెషీన్లు: మూడు పీఎస్4లు, ఒక పీఎస్5. గంటకు 60 రూపాయలు తీసుకుంటాం. వచ్చేవాళ్లలో ఇంటర్, ఇంజనీరింగ్ పిల్లలే ఎక్కువ. ఫుట్‌బాల్, కుస్తీ, కార్ రేసులు ఏడాదంతా నడుస్తాయి, వాటితో ఏ గొడవా లేదు. గొడవంతా కొత్తగా వచ్చే పెద్ద గేమ్‌లతోనే. ఒక్కో డిస్కు నాలుగు వేలు, ఐదు వేలు. ఆ డబ్బు తిరిగి రావాలంటే ఆ గేమ్ కోసమే పిల్లలు వారాల తరబడి రావాలి. అందుకని రివ్యూలు చదవకుండా నేను ఏదీ కొనను.

పోయిన సీజన్లో ఒక గేమ్ తెప్పించాను. పేరు చెప్పను, ఇక్కడ దాని ఫ్యాన్స్ ఉంటారు. పెద్ద సైట్లన్నీ 10కి 9 వేశాయి. మా పీఎస్4లో పెడితే కథలో ఊరు మొదలయ్యే చోటికి రాగానే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. గుర్రం ఎక్కితే వెనకాల ఇళ్లు ఒక్కొక్కటిగా వచ్చి పడుతున్నాయి. పిల్లలు కాసేపు చూసి "అన్నా, వేరేది పెట్టు" అన్నారు. సెకండ్ హ్యాండ్‌లో అమ్ముదామంటే సగం ధర పలకలేదు.

ఆ రాత్రి షట్టర్ దించాక మళ్లీ ఆ రివ్యూ తెరిచాను. పేజీకి ఇటూ అటూ అదే గేమ్ బొమ్మ. పైన అదే గేమ్ వీడియో. రివ్యూ కింద "ఇప్పుడే కొనండి" అని బటన్. మధ్యలో 9.

నా ప్రశ్న సూటిగా అడుగుతాను. ఈ సైట్లు డబ్బు తీసుకుని మార్కులు వేస్తాయా? లేక యాడ్స్ వేరు, రివ్యూలు వేరేనా? నాలాంటి చిన్న వ్యాపారి ఎవరిని నమ్మి కొనాలి?

అరసవల్లి కుర్రాడు:

అన్నా, ఇంకా అడగాలా? అందరూ అమ్ముడుపోయారు. ట్రైలర్ చూసి, నచ్చితే కొనడమే.

మూడు లాంతర్లు:

అమ్ముడుపోయారు అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు జరిగేది కనబడకుండా పోతుంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఆఫీసులో యాడ్స్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. పత్రిక పేరు అనవసరం. గేమ్‌ల పిచ్చి ఆ ఉద్యోగం కన్నా పాతది. నెట్ సెంటర్‌లో గంటకు డబ్బులు కట్టి గేమ్ సైట్లు చదివిన రోజుల నుంచి ఉంది. పేపర్‌కు డబ్బు ఎలా వస్తుందో దగ్గర నుంచి చూసినవాణ్ని కాబట్టి, గేమ్ సైట్ తెరిచినప్పుడు కూడా నా కన్ను ముందు యాడ్ మీదికే పోతుంది.

మా దగ్గర ఎలా ఉండేదో ముందు చెబుతాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వస్తోందంటే ప్రత్యేక పేజీలు వేసేవాళ్లం. దానికి నెల ముందే మండల విలేకరులందరికీ యాడ్ టార్గెట్ వెళ్లేది. మండల విలేకరి అంటే లైన్ అకౌంట్ మీద పనిచేసే మనిషి. జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చేది నెలకు పెట్రోలుకు కూడా చాలదు. యాడ్ తెస్తే కమీషన్ వస్తుంది, టార్గెట్ తప్పితే ఫోన్ వస్తుంది. మరి అతను ఎవరి దగ్గరికి వెళ్తాడు? రైస్ మిల్లు ఓనర్, లేఅవుట్ వేసినాయన, ప్రైవేటు కాలేజీ కరస్పాండెంట్. చేతులు జోడించి క్వార్టర్ పేజీ అడుగుతాడు. వాళ్లు ఇస్తారు.

ఇక తర్వాతి జూన్‌లో అదే కాలేజీ గేటు ముందు ఫీజుల మీద తల్లిదండ్రులు ధర్నాకు కూర్చున్నారనుకోండి. వార్త ఆపమని ఎవరూ ఫోన్ చేయరు. మా యాడ్స్ మేనేజర్ వార్తలు దిద్దే డెస్క్‌కు వెళ్లి ఒక్క మాట అనడు. ఆ విలేకరే ధర్నా దగ్గరికి ఆలస్యంగా వెళ్తాడు. వంద మంది 'కొందరు తల్లిదండ్రులు' అవుతారు. కాలేజీ పేరు పోయి 'ఓ ప్రైవేటు కళాశాల' అవుతుంది. ఫొటోకు చోటు దొరకదు. ఇందులో లంచం ఎక్కడుంది? ఎక్కడా లేదు. అతను అబద్ధం రాశాడా? ఒక్క అక్షరం కూడా లేదు. అయినా మర్నాడు పేపర్ చదివిన మనిషికి ఏం జరిగిందో తెలియలేదు.

నేను చూసినంతలో యాడ్ డబ్బు పనిచేసేది ఇలాగే. గేమ్ సైట్ల దగ్గర ఇది ఇంకా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే మా పేపర్‌కు యాడ్ ఇచ్చేవాళ్లు పది రకాలు. బంగారం షాపు అలిగితే బట్టల షాపు ఉంటుంది, సినిమా ఉంటుంది, ప్రభుత్వ ప్రకటనలుంటాయి. గేమ్ సైట్‌కు యాడ్ ఇచ్చేది ఎక్కువగా గేమ్ కంపెనీలే, కన్సోల్ కంపెనీలే. మంచీ చెడూ చెప్పాల్సింది కూడా వాళ్ల సరుకు మీదే. ఒక్క కంపెనీ అలిగినా ఆ మూడు నెలల లెక్కలో పెద్ద బొక్క పడుతుంది.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 2007 నాటిది. గేమ్‌స్పాట్ అనే సైట్‌లో జెఫ్ గెర్స్ట్‌మన్ అనే సీనియర్ ఎడిటర్ ఉండేవాడు. ఈడోస్ కంపెనీ తీసుకొచ్చిన 'కేన్ అండ్ లించ్: డెడ్ మెన్' గేమ్‌కు 10కి 6 ఇచ్చాడు. మీరు ఆ రాత్రి చూసినట్టే, అప్పుడు ఆ సైట్ నిండా అదే గేమ్ యాడ్స్. ఆ నవంబర్ చివర్లో అతని ఉద్యోగం పోయింది. ఎందుకు తీశారో బయటకు చెప్పే వీలు లేకుండా ఒప్పందం. నెట్‌లో పాఠకులు మండిపడ్డారు, సైట్ వాళ్లు అలాంటిదేం లేదన్నారు. తోటివాళ్లు కొందరు ఉద్యోగాలు మానేసి బయటకొచ్చారు. 2008లో అతనూ, మరికొందరూ కలిసి జయింట్ బాంబ్ అనే సైట్ పెట్టుకున్నారు. చివరకు 2012 మార్చిలో, గేమ్‌స్పాట్ యజమాని సీబీఎస్ సంస్థే జయింట్ బాంబ్‌ను కొన్నప్పుడు, ఆ ఒప్పందం తొలగింది. అప్పుడు అతను నోరు విప్పాడు. తక్కువ మార్కుల వల్ల యాడ్స్ వెనక్కి తీసుకుంటామని కంపెనీల నుంచి ఒత్తిడి వచ్చిందనీ, పైన కొత్తగా వచ్చిన మేనేజ్‌మెంట్‌కు అలాంటి ఒత్తిడిని తట్టుకునే అనుభవం లేదనీ చెప్పాడు.

ఆ చివరి మాట నాకు చాలా ముఖ్యం. యాడ్ ఇచ్చేవాడు బెదిరించడం కొత్త కాదు. మా ఆఫీసుకూ నెలకొకడు వచ్చి బెదిరించేవాడు. పాత మేనేజర్ టీ ఇప్పించి, "మీ యాడ్ మీదే, వాళ్ల వార్త వాళ్లదే" అని పంపించేసేవాడు. ఆయన ట్రాన్స్‌ఫర్ అయ్యాక వచ్చినాయన ఫోన్ ఎత్తి డెస్క్‌కు కలిపేవాడు. యాడ్స్‌కూ వార్తలకూ మధ్య గోడ ఉంటుందంటారే, అది ఇటుకలతో కట్టింది కాదు. ఆ కుర్చీలో ఎవరున్నారన్నదే గోడ.

ఇక మీ పీఎస్4 సంగతి. మీరు మోసపోయింది యాడ్ వల్లేనని నేను ఖాయంగా అనలేను. యాడ్ కన్నా బలమైనది ఇంకొకటుంది, గేమ్ ముందుగా చేతికి ఇవ్వడం. రిలీజుకు వారం ముందు గేమ్ పంపితేనే రివ్యూ ఆ రోజుకు వస్తుంది. ఆ రోజు రివ్యూ పెట్టలేకపోతే సైట్‌కు జనం రారు, జనం రాకపోతే యాడ్‌కు డబ్బు రాదు. అందువల్ల పంపేవాడి షరతులకు ఒప్పుకోవాలి. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 వచ్చినప్పుడు ముందుగా ఇచ్చింది కంప్యూటర్ వెర్షన్ మాత్రమే. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వెర్షన్లు ఎవరికీ చూపలేదు. సైట్లు తాము ఆడిన వీడియోను కూడా రిలీజు దాకా పెట్టకూడదు, కంపెనీ ఇచ్చిన వీడియోనే వాడాలి. సైట్ల మార్కులన్నీ కలిపి నూటికి సగటు చూపే మెటాక్రిటిక్‌లో అది మొదట్లో 90 దగ్గర ఉంది. గేమ్ బయటికొచ్చాక పాత కన్సోళ్లలో దాని పరిస్థితి చూసి, వారం రోజులు దాటగానే సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఆ 9లు వేసినవాళ్లు చాలామంది తాము ఆడిన మెషీన్ మీద నిజమే రాశారు. కానీ మీ మెషీన్ గురించి వాళ్ల దగ్గర ఏమీ లేదు, లేదన్న సంగతి కొందరు రెండో పేజీలో ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు.

అంతకుముందు 2014 నవంబర్‌లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ. అమెరికాలో అర్ధరాత్రి నుంచి అమ్మకాలు, రివ్యూలు పెట్టడానికి అనుమతి మాత్రం మధ్యాహ్నం 12కి. క్యూలో నిలబడి కొన్నవాళ్లు ఇళ్లకెళ్లి ఆడేశాక రివ్యూ వచ్చింది.

మాట వినకపోతే ఏమవుతుందో కొటాకు సైట్ 2015లో స్వయంగా రాసింది. కొత్త గేమ్‌ల సంగతులు ముందే బయటపెట్టినందుకు బెథెస్డా, యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీలు రెండూ ఆ సైట్‌తో మాట్లాడటం మానేశాయి. గేమ్‌లు పంపరు, మెయిల్‌కు జవాబివ్వరు. ఆ సైట్ అయినా తట్టుకుంది. నలుగురు మనుషులతో నడిచే చిన్న సైట్ తట్టుకోగలదా?

కాబట్టి అరసవల్లి తమ్ముడూ, నువ్వన్నట్టు అందరూ అమ్ముడుపోలేదు. అమ్ముడుపోనివాణ్ని కూడా కట్టేసే తాళ్లు చాలా ఉన్నాయి.

నాగావళి ప్లేయర్ (శ్రీకాకుళం):

మూడు లాంతర్లు గారూ, చాలా బాగా చెప్పారు. మీరు చెప్పింది పెద్ద సైట్ల సంగతి. మన పిల్లలు ఆ సైట్లు చదవరు, యూట్యూబ్ చూస్తారు. అక్కడ సంగతి నాకు తెలుసు. నేను శ్రీకాకుళం నుంచి మొబైల్ గేమ్‌ల మీద తెలుగులో వీడియోలు చేస్తుంటాను. చిన్న ఛానెలే. ఇంట్లో మేడ మీద గదిలో, కరెంటు ఉన్నప్పుడు రికార్డింగ్.

సబ్‌స్క్రైబర్లు కొంచెం పెరగగానే మెయిల్స్ మొదలయ్యాయి. ఒక దాని సంగతి ఉన్నది ఉన్నట్టు చెబుతాను, కంపెనీ పేరు వద్దు. ఒక వీడియోకు 8,000 రూపాయలు. దానితో పాటు రెండు పేజీల కాగితం. వీడియో ముందు వాళ్లకు పంపాలి, వాళ్లు సరే అన్నాకే పెట్టాలి. మొదటి నిమిషంలోపు గేమ్ పేరు రెండుసార్లు పలకాలి. డౌన్‌లోడ్ లింక్ మొదటి కామెంట్‌లో పిన్ చేయాలి. వాడకూడని మాటల పట్టిక ఒకటి: లాగ్, హ్యాంగ్, హీట్, 'యాడ్స్ ఎక్కువ', 'డబ్బులు పెడితేనే గెలుస్తాం'. అన్నింటికన్నా కింద, "ఇది స్పాన్సర్డ్ అని విడిగా చెప్పనవసరం లేదు, మీ సొంత అనుభవంలా ఉండాలి" అని ఉంది. నేను ఒప్పుకోలేదు. అదే గేమ్ మీద అదే వారంలో నాకు తెలిసిన ఛానెళ్లలో వీడియోలు వచ్చాయి. అన్నింట్లోనూ మొదటి నిమిషంలో పేరు రెండుసార్లు వినబడింది. వాళ్లను నేను తప్పుపట్టలేను. మా దగ్గర డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న అబ్బాయికి ఎనిమిది వేలంటే చిన్న డబ్బు కాదు.

ఇది మన ఊరి రోగం మాత్రమే కాదు. 2014లో షాడో ఆఫ్ మోర్డోర్ గేమ్ కోసం వార్నర్ బ్రదర్స్ సంస్థ పేరున్న యూట్యూబర్లకు డబ్బిచ్చి వీడియోలు చేయించింది. గేమ్ మీద మంచి అభిప్రాయమే కలగాలి, బగ్స్ చూపించకూడదు అని షరతు. డబ్బిచ్చారన్న సంగతి వీడియో కింద వివరణలో, 'ఇంకా చూడండి' నొక్కితే గానీ కనబడని చోట ఉంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి 2016 జూలైలో రాజీ కుదుర్చుకుంది, ఇక మీదట ఇలా దాచకూడదని.

మన దేశంలోనూ రూల్ ఉంది. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021 జూన్ నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్లకు నిబంధనలు పెట్టింది. డబ్బు గానీ, ఉచిత వస్తువు గానీ అందితే అది ప్రకటన అని చెప్పాలి. వీడియో 15 సెకన్లలోపైతే ఆ లేబుల్ కనీసం 3 సెకన్లు కనబడాలి. రెండు నిమిషాల్లోపైతే వీడియో నిడివిలో మూడో వంతు. అంతకన్నా పెద్దదైతే ఆ సరుకు గురించి మాట్లాడినంతసేపూ ఉండాలి. దాంతోపాటు వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనలకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కానీ మండలాల్లో వీడియోలు చేసేవాళ్లకు ఇలాంటి రూల్ ఉందనే తెలియదు. తెలుగులో చెప్పినవాళ్లు తక్కువ.

ఇంకో బాధ కూడా చెబుతాను. మొన్నమొన్నటి దాకా తెలుగు గేమింగ్ ఛానెళ్లకు అన్నింటికన్నా ఎక్కువ డబ్బిచ్చింది అసలు గేమ్ కంపెనీలు కాదు, డబ్బు పెట్టి ఆడే యాప్‌లు. ఆంధ్రప్రదేశ్‌లో వాటిని 2020 సెప్టెంబర్‌లోనే నిషేధించారు. అయినా మన పిల్లలు చూసే వీడియోల మధ్యలో వాటి యాడ్స్ వస్తూనే ఉండేవి. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేశాక, అలాంటి యాప్‌కు ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అన్నాక తగ్గాయి. నాకు కోపం ఎక్కడంటే, అన్ని గేమ్‌ల లోపాలూ విప్పి చెప్పే ఛానెళ్లు ఆ యాప్‌లలో జనం డబ్బు ఎలా పోతోందో ఒక్క వీడియో చేయలేదు. మూడు లాంతర్లు గారు చెప్పిన కాలేజీ ధర్నా ఇదే. డబ్బులు పోగొట్టుకుని ఏడ్చిన కుర్రాళ్లు మా వీధిలో ఉన్నారు.

అరసవల్లి కుర్రాడు:

అక్కా, అయితే మీరు ఎలా నడుపుతున్నారు మరి?

నాగావళి ప్లేయర్ (శ్రీకాకుళం):

యూట్యూబ్ సొంతంగా వేసే యాడ్స్ డబ్బు వస్తుంది. ఆ యాడ్ ఎవరిదో నేను ఎంచుకోను, వాళ్లు నన్ను ఎంచుకోరు, కాబట్టి నా నోరు కట్టదు. తెలుగు వ్యూస్‌కు వచ్చేది చాలా తక్కువ, అందుకే పగలు ట్యూషన్లు చెబుతాను. పెద్దవాళ్లలో కొందరు చదివేవాళ్ల దగ్గరే చందా తీసుకుంటున్నారు. కొటాకు నుంచి బయటికొచ్చినవాళ్లు 2023లో పెట్టిన ఆఫ్టర్‌మాత్ సైట్ అలాంటిదే. జయింట్ బాంబ్ కూడా చేతులు మారి మారి 2025లో అక్కడ పనిచేసేవాళ్ల చేతికే వచ్చింది. తెలుగులో నెలకు 50 రూపాయలు చందా కట్టి గేమ్ రివ్యూ చదివేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి. ఉంటే ఈ రోజే మొదలుపెడతాను.

కోట జంక్షన్ (విజయనగరం):

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంత సంగతి ఉందని అనుకోలేదు. నేను కడతాను మేడమ్ ఆ 50 రూపాయలు, కన్సోల్ గేమ్‌లు కూడా చెబితే.

మూడు లాంతర్లు గారూ, ఒక్క సందేహం. డిస్కు మొదటి వారంలో తెస్తేనే నాకు గిరాకీ. నెల ఆగితే పిల్లలు ఇంట్లోనే ఎక్కడో చూసేస్తారు. మరి మొదటి వారంలో ఏది చదివి కొనమంటారు? అసలు తక్కువ మార్కులు వేసినవాడే నిజాయితీపరుడు అనుకోవచ్చా?

మూడు లాంతర్లు:

అలా అనుకోవద్దు. తిడితే వ్యూస్ వస్తాయని తిట్టేవాళ్లూ ఉన్నారు. ఆ వ్యూస్ మీద కూడా యాడ్ డబ్బే వస్తుంది.

మార్కును అసలు పక్కన పెట్టండి. ఆ అంకె మీద కంపెనీలకే లెక్కలుంటాయి. ఫాల్అవుట్: న్యూ వెగాస్ చేసిన అబ్సిడియన్ స్టూడియోకు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం ఉండేది, 84 వచ్చింది, బోనస్ పోయింది. ఆ స్టూడియో మనిషే 2012లో ఈ సంగతి చెప్పాడు. ఒక అంకె మీద అంత డబ్బు ఆడుతుంటే దాని చుట్టూ ఒత్తిడి ఉండక తప్పదు. యూరోగేమర్ సైట్ 2015లో మార్కులు వేయడమే మానేసింది, చాలా ఏళ్లు అలాగే నడిపింది.

మీరు రివ్యూ తెరవగానే ముందు ఏ మెషీన్ మీద ఆడారో వెతకండి. చాలావరకు చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, "ఈ గేమ్‌ను పబ్లిషర్ అందించారు, పీఎస్5లో ఆడాం" అని. పీఎస్4 అన్న మాట లేకపోతే ఆ రివ్యూ మీ పార్లర్‌లో ఒక మెషీన్‌కే పనికొస్తుంది. అసలు ఆ వాక్యమే లేని సైట్ అయితే మీ ఐదు వేలు దాని మీద పెట్టొద్దు. ఆ తర్వాత, వీడియోలో కనిపించే ఆట రివ్యూ రాసినవాడు ఆడిందా, కంపెనీ ఇచ్చిందా చూడండి. కంపెనీ వీడియోలో బొమ్మ ఎప్పుడూ ఆగదు.

ఒక్కో కన్సోల్‌లో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో, కొలిచి గ్రాఫ్ గీసి చూపించేవాళ్లలో డిజిటల్ ఫౌండ్రీ నమ్మదగినది. 2025లో వాళ్లూ సొంతంగా విడిపోయారు, చందాదారుల మీద ఎక్కువగా ఆధారపడి నడుస్తున్నారు. ఇంగ్లీషులోనే ఉంటుంది గానీ గీత ఎక్కడ పడిపోతోందో చూస్తే భాషతో పని లేదు. పాత పీఎస్4 మీద టెస్ట్ రిలీజుకు ముందు దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు రెండు రోజులు ఆగండి. శుక్రవారం రిలీజైతే ఆదివారం రాత్రికి కొన్నవాళ్లే వీడియోలు పెడతారు, సోమవారం ఆర్డర్ పెట్టినా మీకు ఆ వారం చివరికి డిస్కు వస్తుంది. ప్రీ ఆర్డర్ మాత్రం వద్దు. ముందే డబ్బు కట్టించుకోవడానికే ఆ యాడ్స్ అన్నీ.

ఇంతకీ మీ మూడు పీఎస్4లు మామూలువా, వాటికన్నా బలమైన ప్రో మోడల్‌వా? అది చెబితే ఈ సీజన్లో వచ్చేవాటిలో ఏది ఆగొచ్చో, ఏది తెచ్చుకోవచ్చో చూసి చెబుతాను.

కోట జంక్షన్ (విజయనగరం):

రెండు మామూలువి, ఒకటి ప్రో. మామూలువాటిలో ఒకదానికి ఫ్యాన్ మోత ఎక్కువ.

మూడు లాంతర్లు:

అయితే ముందు ఆ ఫ్యాన్ విప్పి దుమ్ము తీయించి, లోపల థర్మల్ పేస్ట్ మార్పించండి. వేడి మరీ ఎక్కువైతే మెషీన్ హెచ్చరిక చూపించి తనంతట తనే ఆగిపోతుంది, ఆ తప్పు గేమ్ మీద వేయకూడదు. అది అయ్యాక అదే డిస్కు ప్రోలో ఒకసారి పెట్టి చూడండి. అక్కడ కూడా ఊరి దగ్గర ఆగితే ఇక్కడ రాయండి, పేరు చెప్పినా ఫరవాలేదు. ఫ్యాన్స్ ఏమన్నా నేను చూసుకుంటాను.